బావగారి మానిఫోల్డు

మొన్న ఆదివారం మా కుక్కరు కూత పెట్టడం మానేసింది. పప్పు లోపల ఉడుకుతున్నట్టే ఉంది, ఆవిరి మాత్రం ఎటో జారిపోతోంది. గ్యాస్కెట్ తీసి కడిగి మళ్లీ పెట్టాను, లాభం లేకపోయింది. అప్పుడు నాకే తెలియకుండా నా చెయ్యి పెరట్లో పడి ఉన్న రబ్బరు గొట్టం ముక్కను వెతికి తెచ్చింది. ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొసను కుక్కరు మూత చుట్టూ తిప్పుతూ నిలబడ్డాను. మా ఆయన పేపరు మీంచి తలెత్తి చూసి, "ఏంటి, మీ బావగారు పూనారా?" అన్నారు. నవ్వబోయి నవ్వలేకపోయాను. ఆయన పోయింది మొన్న కార్తీకంలోనే.

బావ అంటే మా అక్క భర్త. నర్సీపట్నం కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం గురించి ఇంతకు మించి చెప్పలేను, ఎందుకంటే ఆయన నోట ఆఫీసు మాట ఎప్పుడూ వినలేదు. విన్నదంతా జీపు గురించే. కొండ మీది సంతలకు ఎక్కీ దిగీ ముసలిదైపోయిన పెట్రోలు జీపొకటి ఎప్పుడో కొని, పెరటి గేటు పక్కన రేకుల షెడ్డు వేయించి, అందులో నిలబెట్టారు. అక్క దాన్ని "ఆ షెడ్డులోది" అనేది. జీపు అంటే చనువిచ్చినట్టవుతుందని కాబోలు.

ఇంట్లో ఉన్నంతసేపూ బావ మెడలో మూరెడు రబ్బరు గొట్టం వేలాడుతుండేది. ఒక కొస చెవికి, రెండో కొస ఇంజనుకు పెట్టి, ఎక్కడ గాలి బుసకొడుతోందో పట్టేసేవారు. ఇంజనుతో ఆగితే బాగానే ఉండేది. ఫ్రిజ్జుకు పెట్టేవారు, మిక్సీకి పెట్టేవారు, ముగ్గిందో లేదో చూడ్డానికి పనసకాయకు పెట్టేవారు. ఒకసారి భోజనాలయ్యాక మా మేనమామ పొట్టకు పెట్టి, "లోపల జామయిపోనాదండి, కాసింత నడిసి రండి" అన్నారు. పక్కింటి ప్రహరీగోడకు పెట్టి వింటూ అక్కకు దొరికిపోయిన రోజున మాత్రం, "గోడ నెమ్మెక్కిందేమోనని సూస్తన్నానే" అన్నారు. నెమ్ము చెవికి వినబడుతుందా అని మేమెవరం అడగలేదు. అడిగితే వినబడుతుందనే అనేవారు.

ఆయన దృష్టిలో ఈ లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే. దాని పేరు దొంగగాలి.

"సూడు టీచరమ్మా," అనేవారు నాతో. నేను హైస్కూల్లో సోషల్ చెప్తానని ఆయనకు నేనెప్పుడూ టీచరమ్మనే. "ఇంజనంటే గాలి పీల్సుకునేది. మనం పెట్టిన దారంట పీల్సుకున్నంతసేపూ బుద్దిగా పనిసేస్తాది. ఎక్కడో పైపు వదులై, సందులోంచి దొంగగాలి దూరిందనుకో, ఇంక మన మాటినదు. ఊరికే గుడగుడమంటాది, ఎగిరెగిరి పడతాది, ఆగిపోద్ది. మనుసులూ అంతే. మీ అక్కని సూడు. పొద్దున్న బాగానే ఉన్నాది. ఇప్పుడు గిన్నెలు ఇసిరేస్తంది. మజ్జిలో ఎవరో ఫోను సేసేరు. దొంగగాలి."

"ఫోను చేసింది మీ చెల్లెలే బావా," అన్నాను.

"నాను ఎవరని సెప్పలేదు కదా," అన్నారు.

అదీ ఆయన పద్ధతి. తప్పు ఎవరిదైనా అవుతుంది గాని ఆయనది కాదు. నా పెళ్లిచూపుల నాడు బస్టాండుకు వెళ్లి పెళ్లివారిని తీసుకురమ్మని మా నాన్న బావను పంపారు. బావ పట్టుచీరలతో కళకళలాడుతున్న ఒక కుటుంబాన్ని జీపులో ఎక్కించుకుని తెచ్చేశారు. కుర్చీలు వేశాం, బజ్జీలు పెట్టాం, నన్ను తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. వాళ్లు బజ్జీలన్నీ తిని, నన్ను మర్యాదగా చూసి, "సీమంతం ఎన్నింటికండీ?" అని అడిగారు. వాళ్లు వెళ్లాల్సింది వేరే వీధిలో ఇంకెవరింటికో. అసలు పెళ్లివారు బస్టాండులో ఎండలో నిలబడి ఉన్నారు. మా నాన్న పళ్లు నూరుతుంటే బావ తొణక్కుండా, "నాను ఎక్కండన్నాను, ఆల్లెక్కీసేరు. ఎక్కినోల్ల తప్పుగానీ ఎక్కించినోడి తప్పెలగవుద్దండి?" అన్నారు. ఆ రోజు ఎండలో నిలబడ్డ పెళ్లికొడుకే ఇప్పుడు పేపరు చదువుకుంటున్న మా ఆయన. బావ మీద ఆ కోపం ఆయనకు చివరిదాకా కొంచెం మిగిలే ఉంది.

అక్క సంగతి వేరు. ఆమెకు కోపం బావ మీద కాదు, జీపు మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే జీపు బానెట్ మీద. జీపులో ఎక్కడికి బయల్దేరినా సగం దారిలో బావ బండి పక్కకు తీసి, దిగి, బానెట్ ఎత్తేవారు. అక్క గొడుగు వేసుకుని రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చునేది. పోయే ప్రతి షేరాటో ఆగి, "అమ్మగోరూ, ఎక్కుతారా?" అని అడిగేది. కృష్ణదేవిపేటలో గృహప్రవేశానికి ఆమె కొత్త పట్టుచీరలో, ఒళ్లో ఎవరిదో వంకాయల బుట్టతో షేరాటోలో దిగిందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. బావ అయితే భోజనాలయిపోయాక, చేతులకు గ్రీజుతో, గెలిచొచ్చినవాడిలా దిగారు. ఆలస్యం రోడ్డుదట.

అందుకే దసరాకు ఆయుధపూజ నాడు అక్క ఇంట్లో ఉన్న ప్రతిదానికీ పసుపూ కుంకుమా పెట్టేది. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, గ్రైండరుకు, ఎప్పుడో పాడైపోయిన ఇస్త్రీపెట్టెకు కూడా. షెడ్డు దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చేసేది. జీపుకు బావే స్వయంగా బొట్టు పెట్టుకునేవారు. అన్నేళ్లలో ఆమె ఒక్క అక్షింత గింజ దాని మీద వేయలేదు. బావ పైకి నవ్వేసేవారు గాని, ఆ పూట ఆయన మెడలో గొట్టం ఉండేది కాదు.

ఇలా ఉండగా రెండేళ్ల కిందట జీపు మానిఫోల్డు పగిలింది. మానిఫోల్డంటే ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే లోహపు గొట్టాల గుత్తి. దానికే చుట్టూ చిన్నా పెద్దా పైపులు వచ్చి తగులుకుంటాయి. పాత కంపెనీది ఎక్కడా దొరకలేదు. బయట ఇంకెవరో తయారుచేసి అమ్మేది ఒకటి బావ ఆన్‌లైనులో వెతికి తెప్పించారు. పెట్టె విప్పి, దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని వరండాలోకి తెచ్చారు. తళతళలాడుతోంది. బాగానే ఉంది గాని, దానికి కన్నాలు ఉండాల్సిన చోట లేవు.

పాతదానికి పైపులు కుడిపక్క తగులుకునేవి. కొత్తదానికి ఎడమపక్కా, పైనా ఉన్నాయి. ఒక పైపు పొట్టిదయింది, ఒకటి పొడుగయింది, ఇంకొకటి మెలిక తిరిగితే గాని అందదు, మెలిక తిరిగితే గాలి ఆడదు. పైగా పైపుల కంటే కన్నాలే ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ కన్నం చుట్టూ బావ చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు.

"దీనికి పైపు లేదేటి బావా?" అన్నాను.

"కంపెనీవోడికి లెక్క రాదు," అన్నారు. ఒక ఇత్తడి బోల్టుకు తెల్ల టేపు చుట్టి ఆ కన్నాన్ని మూసేశారు.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆయన మానిఫోల్డును సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగారు. మోటారు పంపుల దుకాణంలో ఒక ఎల్బో దొరికింది. ఎల్బో అంటే మోచెయ్యిలా వంగిన ఇత్తడి ముక్క, ఒక కొస మానిఫోల్డులో మరతిప్పి బిగించి, రెండో కొసకు పైపు తొడగాలి. పైపుల కోసం బస్సెక్కి విశాఖ వెళ్లారు. కిటికీ పక్క సీటు సంచికిచ్చి తను పక్కన కూర్చున్నారని కండక్టరు చెప్పగా అక్కకు తెలిసింది.

పని చేసేటప్పుడు ఆయనకు కొన్ని నియమాలుండేవి. మర మీద టేపు చుట్టేటప్పుడు మొదటి చుట్టు వదిలెయ్యాలి, లేకపోతే టేపు ముక్క తెగి లోపలికి పోతుంది. పైపు కొస బిగుతుగా ఉంటే వేణ్ణీళ్లలో ముంచి మెత్తబడ్డాక తొడగాలి. ఆ వేణ్ణీళ్లు అక్క కాఫీకని మరగబెట్టినవి కావడం వల్ల కొన్నాళ్లు ఆ ఇంటి కాఫీ సైకిలు ట్యూబు వాసన వేసింది. అన్నిటికంటే పెద్ద నియమం, ఏ పైపైనా తొడిగే ముందు ఒకసారి నోటితో ఊది చూడాలి. "లోపలికి ఏటీ పోకూడదు టీచరమ్మా. ఊదకుండా పైపు పెట్టినోడు మెకానిక్కే కాడు," అని బుగ్గలు పూరించి ఊదేవారు.

ఆ రోజుల్లోనే మాకవరపాలెం నుంచి జీడితోటల షావుకారు వచ్చిపోవడం మొదలుపెట్టాడు. ఆయనకు తోటల్లో తిరగడానికి జీపు కావాలి. వారానికొకసారి వచ్చి, షెడ్డులో నిలబడి, బానెట్ మీద చెయ్యి వేసి నిమిరేవాడు. మంచివాడే పాపం. వచ్చినప్పుడల్లా అక్కకు జీడిపప్పు తెచ్చేవాడు. అక్క ఆ పప్పు పాయసంలో వేసి బావకే పెట్టేది. బావ ఎవరు తెచ్చారో అడక్కుండా తినేసేవారు.

పైపులన్నీ బిగించి, ఇంజను స్టార్టు చేసి, బావ గొట్టం చెవికి పెట్టుకుని చుట్టూ వింటున్న సాయంత్రాన అక్క షెడ్డు దగ్గరికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. షావుకారూ ఉన్నాడు.

"ఇంక ఇదే ఆఖరుసారి," అంది అక్క. "లంబసింగి కొండ ఎక్కాల. దిగాల. మన గుమ్మంలోకి రావాల. దార్లో ఎక్కడా బానెట్ ఎత్తకూడదు. ఎత్తేరో, బండి షావుకారుగారిది."

"ఎత్తను," అన్నారు బావ.

"ఎత్తితే?"

బావ ఆలోచించారు. "ఎత్తితే, తప్పు ఎవరిదో సూడాల. బండిదైతే ఇచ్చీస్తాను. నాదైనా ఇచ్చీస్తాను. మూడోవోల్ల తప్పయితే మటుకు బండి కదల్దు, ఈ షెడ్డులోనే ఉంటాది."

"మీ తప్పెప్పుడూ అవ్వదు కదా," అంది అక్క. "సరే. షావుకారుగారూ, మీరూ రండి. సాచ్చికం ఉంటారు."

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలనుకున్నాం. నేను సెలవు పెట్టి వచ్చాను. షావుకారు మాకంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్లో సంచి, సంచిలోంచి తాడు కొస బయటికి కనబడుతోంది. "ఎందుకైనా మంచిదని తెచ్చేనండి, లాగాలంటే పనికొస్తాది," అన్నాడు వినయంగా.

బావ తెల్లవారకముందే లేచి అన్నీ చూసుకున్నారు. ఆఖరున లావు పైపు దగ్గర ఏదో సన్నగా వినబడిందట. జీపు బ్రేకు తొక్కడానికి ఇంజను పీల్చే గాలే సాయం చేస్తుంది, ఆ సాయం వచ్చేది ఆ పైపులోంచే. అదొకటి తీసి, ఎల్బో మరకు టేపు కొత్తగా చుట్టి పెడదామని, పైపును బిగించి పట్టుకునే ఇనప పట్టీ, అదే క్లాంపు, విప్పారు. టేపు కోసం ఇంట్లోకి వెళ్లారు. పైపు కొస పైకి నోరు తెరుచుకుని అలాగే ఉంది.

అప్పుడు అక్క వచ్చింది. తలస్నానం చేసి, చేతిలో పళ్లెంతో. శుక్రవారం పూజ అయిందనుకున్నాను. ఆమె గుమ్మం దాటింది, తులసికోట దాటింది, షెడ్డు దగ్గర ఆగింది. ఇక వెనక్కి తిరుగుతుందిలే అని నేను చూస్తున్నాను. తిరగలేదు. లోపలికి వెళ్లింది. తెరిచి ఉన్న బానెట్ కింద, ఆ తళతళలాడే మానిఫోల్డుకు పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ పెట్టింది. కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. గుప్పెడు అక్షింతలు తీసి ఇంజను మీద చల్లింది.

బావ టేపూ స్క్రూడ్రైవరూ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అక్క ఆయన్ని చూసి, కొంచెం సిగ్గుపడి, "ఘాటు రోడ్డు కదా, అందుకు," అనేసి గబగబా ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె వెళ్లినవైపే చూస్తూ బావ టేపు చుట్టారు, ఎల్బో బిగించారు, పైపు తొడిగి క్లాంపు తిప్పారు. తిప్పడం మరీ గట్టిగా తిప్పారు. ఆయన ముఖం చూస్తే నాకు నవ్వొచ్చింది. అంత ముసలి ముఖంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు.

జీపు బ్రహ్మాండంగా వెళ్లింది. డౌనూరు దాటి ఘాటు ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారి కూడా నసగలేదు. బావ ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి షావుకారును, "ఎలగుందండి?" అని అడిగారు. షావుకారు ప్రతిసారీ, "బాగుందండి," అంటూ దిగులుగా సంచి సర్దుకున్నాడు. అక్క ముందు సీట్లో కూర్చుని, కొండ గాలికి చెంగు సర్దుకుంటూ ఒకసారి నవ్వింది. పైన టీ తాగాం. దిగడమే మిగిలింది.

దిగుడులో మొదటి పెద్ద మలుపు దగ్గర బావ బ్రేకు తొక్కారు. ఆయన భుజం బిగుసుకోవడం వెనక సీట్లోంచి నాకు కనబడింది. మళ్లీ తొక్కారు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని లోయవైపు కాకుండా కొండవైపు మట్టికట్టకు ఆనించి ఆపారు. ఇంజను ఆపేసి, మామూలు గొంతుతో, "ఒకసారి అందరూ దిగండి. ఇక్కడ లోయ బాగుంటాది, సూద్దురుగాని," అన్నారు.

అక్కా షావుకారూ దిగి లోయవైపు వెళ్లారు. బావ జీపు చుట్టూ తిరుగుతున్నారు. నేను దగ్గరికి వెళ్లాను.

"బ్రేకు రాయయిపోనాది," అన్నారు మెల్లగా. "తొక్కితే పడతంది, గానీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాల. నానొక్కడినే అయితే ఫస్టు గేర్లో దింపీసుకుని ఎల్లిపోదును. బానెట్ ఎత్తక్కర్లేదు."

ఆయన లోయ అంచున గొడుగు పట్టుకుని నిలబడ్డ అక్కవైపు చూశారు. తర్వాత వెళ్లి బానెట్ ఎత్తారు.

ఆ చప్పుడుకు అక్క తల తిప్పింది. "ఎత్తేరు," అంది. గెలిచానన్న సంతోషం ఆ గొంతులో ఉందో లేదో నాకు అర్థం కాలేదు. షావుకారు మాత్రం పాపం ఆగలేక సంచిలోంచి తాడు తీసి, చిక్కు విప్పడం మొదలుపెట్టాడు.

నేను నీళ్లసీసా పట్టుకుని బావ పక్కన నిలబడ్డాను. లావు పైపు క్లాంపు ఒక పట్టాన ఊడలేదు. స్క్రూడ్రైవరు జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. పటకారుతో పట్టి తిప్పితే అప్పుడు వదిలింది. పైపు తీసి, ఎల్బో లోపలికి సన్న తీగ పెట్టి కెలికారు. ఏదో అడ్డుగా తగిలింది. కింద అరచెయ్యి పెట్టి తట్టారు.

అరచేతిలో పచ్చటి బియ్యం గింజలు పడ్డాయి. పసుపు ఇంకా పోలేదు. ఇంజను పీల్చిన కొద్దీ పైపులోంచి జరుగుతూ వచ్చి, ఎల్బో వంపులో ఒకదాన్నొకటి తోసుకుని బిరడాలా ఇరుక్కున్నాయి.

నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమయింది. ఉత్సాహం పట్టలేక ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "బావా, మీరు గెలిచారు. తప్పు బండిది కాదు, మీదీ కాదు. మూడోవాళ్లది. చూపించండి."

ఆయన జీవితంలో ఎన్నో వాదనలు ఏ ఆధారం లేకుండా గెలిచిన మనిషి. ఇప్పుడు ఆధారం అరచేతిలో ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"పైపు ఊదలేదు టీచరమ్మా," అన్నారు. "ఎప్పుడూ ఊదకుండా పెట్టలేదు. ఆవిడ్ని సూస్తా ఉండిపోనాను."

"అయితే ఏమయింది? గింజలు వేసింది అక్కే కదా."

"ఇన్నేళ్లకి ఇయ్యాల ఏసింది," అన్నారు. "అదే తప్పని సెప్తే, మళ్లీ ఏస్తాదా?"

అంటూనే అరచెయ్యి నోట్లో బోర్లించుకున్నారు. రెండు నమలు నమిలి, ముఖం వికారంగా పెట్టి, నా చేతిలో సీసా లాక్కుని గడగడా నీళ్లు తాగేశారు. "పెట్రోలు కొడతంది," అన్నారు. తర్వాత పైపు నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి, ఈసారి తృప్తిగా ఊదారు.

అక్క రోడ్డు దాటి వచ్చింది. వెనకాలే తాడుతో షావుకారు. "ఏటయింది?" అంది అక్క.

బావ చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. "క్లాంపు వదిలీసేను," అన్నారు. "బిగించడం మర్చిపోనాను. దొంగగాలి దూరిపోనాది. తప్పు నాదే."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. "ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉన్నాను."

"సెమటలేటి మరి?"

"బాగానే ఉన్నానే. తప్పు నాదంటన్నాను కదా," అన్నారు బావ, కొంచెం చిరాగ్గా. తప్పు ఒప్పుకోవడం కూడా ఇంత కష్టమా అన్నట్టు.

పైపు బిగించాక బ్రేకు మెత్తగా పడింది. దిగేటప్పుడు బావ చాలా నెమ్మదిగా తోలారు. ప్రతి గేరూ ఆఖరుసారి వేస్తున్నట్టు వేశారు. నాకు వెనక సీట్లో కూర్చుని ఏడుపొచ్చింది. షావుకారు చూసి, కొండ రోడ్డుకు తిప్పుతోందనుకుని, నాకో నిమ్మకాయ ఇచ్చాడు. ఇంటి దగ్గర దిగి, ఆదివారం వస్తానని చెప్పి వెళ్లాడు.

ఆదివారం బావ పొద్దుట్నుంచీ జీపు కడిగారు. చక్రాలు కడిగారు, సీట్ల కింద మట్టి దులిపారు, మానిఫోల్డు మీది కుంకుమ చెరిగిపోకుండా చుట్టూ తుడిచారు. షావుకారు డ్రైవరును వెంటబెట్టుకుని, పూలదండతో వచ్చాడు. బావ తాళాలు తేవడానికి లోపలికి వెళ్లబోతుంటే అక్క కాఫీ గ్లాసులతో ఎదురొచ్చింది.

"కూకోండి షావుకారుగారూ," అంది. "కాఫీ తాగండి. బండి అమ్మటం లేదు."

షావుకారు దండ ఎక్కడ పెట్టాలో తెలియక చేతికి చుట్టుకున్నాడు. "అమ్మా, మాటంటే మాట కదండీ. నా కళ్లముందే కదండీ ఎత్తేరు."

"మాట ఆయనకీ నాకూ మజ్జిని. మీరు సాచ్చికానికొచ్చేరు, అంతే," అంది అక్క. "సూడండి, ముప్పయ్యేళ్లు పైనయింది నా కాపురం. ఈ మనిషి ఒక్కనాడు, ఒక్కదానికి, తప్పు నాదీ అన్లేదు. నాను అనిపించలేకపోయేను, మా నాన్న అనిపించలేకపోయేరు. ఆ జీపు అనిపించింది. ఇంకెన్ని అనిపిస్తాదో. అదుండాల."

బావ తాళాల చెయ్యి వెనక దాచుకుని గోడవైపు తిరిగారు. నవ్వు ఆపుకుంటున్నారనుకున్నాను. నావైపు తిరిగినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి. అయినా సరే, నాకు కన్ను కొట్టడం మర్చిపోలేదు.

ఆ తర్వాత జీపు ఆయనతో ఇంకెన్ని తప్పులు ఒప్పించిందని అడిగితే, ఒక్కటీ లేదు. మళ్లీ అన్నీ రోడ్డువీ, వానవీ, కంపెనీవోడివీ. కాకపోతే ప్రతి శుక్రవారం అక్క పళ్లెంతో షెడ్డులోకి వెళ్లేది. లోపల పూజగంట వినబడగానే బావ ఏ పని చేస్తున్నా వదిలేసి, పరుగున వెళ్లి, బానెట్ దబ్బున మూసేసి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడేవారు. అక్క మూసిన బానెట్ మీద తృప్తిగా అక్షింతలు చల్లేది. "ఎంత భక్తొచ్చిందో సూడు మీ బావకి," అనేది నాతో.

పెద్దకర్మ నాడు వరండా నిండా జనం. వచ్చినవాళ్లు తలో మాటా చెప్పుకుంటున్నారు. పక్కింటాయన గోడ సంగతి ఎత్తాడు, అందరూ నవ్వారు. మా ఆయన బస్టాండు సంగతి చెప్పారు, చెబుతూ చెబుతూ మధ్యలో లేచి షెడ్డువైపు వెళ్లిపోయారు. ఎవరో, "మహా మొండిమనిషి, ఓడిపోవడం తెలీదు," అన్నారు. అంతవరకూ గోడకానుకుని కూర్చున్న అక్క తలెత్తింది.

"మొండోరే," అంది. "గానీ తప్పు సేస్తే ఒప్పుకునే మనిసండి. ఘాటు రోడ్డు మీద, పరాయోల్ల ముందర, బండి పోతాదని తెలిసీ, క్లాంపు బిగించలేదు, తప్పు నాదే అన్నారు. అలగ ఎంతమంది అంటారు?"

జనంలో ఉన్న షావుకారు నిజమేనన్నట్టు తల ఊపాడు. కొందరు నమ్మనట్టు చూశారు. అక్క నావైపు తిరిగింది. "సెప్పవే. నువ్వూ ఉన్నావు కదా ఆవేళ."

చెక్కుకుపోయిన ఆ వేలి కణుపు, పటకారు పట్టి తిప్పితే గాని వదలని ఆ క్లాంపు నా కళ్లముందు ఆడాయి. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఉన్నానక్కా," అన్నాను. "నేను చూశాను. వదులుగానే ఉంది."